పది తీసి రాయాలి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పసిపిల్లకి బండి కొని చూడు అనడం మరిచిపోయారు. వాళ్ల కాలంలో లిఫ్టులు లేవు కాబట్టి పోనీలే అని సరిపెట్టుకుందాం.

పోయిన వారం మనం మూడో అంతస్తు వరండాలో, లిఫ్టు ముందు నిలబడి ఉన్నాం. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుచుకునే ఐదు నెలల పసిదాని కోసం కోడలు నెల రోజులు వెతికి, పది మందిని అడిగి కొన్న స్ట్రోలర్ పెట్టెలో ఇంటికొచ్చింది. మామగారు హాల్లో చతికిలబడి ఒక్కో చక్రం బిగించారు. కోడలు పిచ్చుకని అందులో పడుకోబెట్టి ఠీవిగా లిఫ్టు దాకా తోసుకొచ్చింది. తలుపు తెరుచుకుంది. ముందు చక్రాలు లోపలికి వెళ్లాయి. వెనక చక్రాలు వెళ్లనన్నాయి. అటు వేలు మందం, ఇటు వేలు మందం, బండి గుమ్మంలో ఇరుక్కుని కూర్చుంది.

మామగారు వెనక్కి లాగారు. కోడలు పిల్లని ఎత్తుకుంది. శనివారం కదా అని తమ్ముడి కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి ఇదంతా చూసింది. పిచ్చుక ఒక్కతే సంతోషంగా ఉంది. అది వెనక్కి పోయినా ముందుకు పోయినా ప్రయాణమే అనుకుంటుంది.

నాలుగు సెంటీమీటర్ల దూరానికి ఇంత దిగులు ఎందుకంటే, ఎల్లుండి సోమవారం. కోడలు ఒక కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు కోసి, అరగదీసి, ఫ్రేములో కూర్చే పని చేస్తుంది. సెలవు అయిపోయింది. ఇంకో వారం ఆగలేనని యజమాని మెత్తగానే చెప్పాడు, కానీ చెప్పాడు. ఆమె పెనిమిటి గూడ్సు రైలు గార్డు, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే ఉంటాడు. అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున కోడలు పిచ్చుకని బండిలో పెట్టుకుని కిలోమీటరున్నర దూరంలో ఉన్న పిల్లల సంరక్షణ కేంద్రంలో దింపి పనికి పోవాలి. నాలుగింటికి మామగారు వెళ్లి, అదే బండిలో తీసుకొచ్చి, ఆరున్నరకి కోడలు వచ్చేదాకా చూసుకోవాలి. ఏర్పాటంతా ఆ బండి మీదా, మామగారి మీదా ఆధారపడి ఉంది. ఇప్పుడు బండి ఇరుక్కుంది. ఆ బండికి లిఫ్టు కొలిచింది మామగారు. నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి.

కోడలు వంటింట్లో పాలసీసా కడుగుతుంటే ఆడపడుచు పక్కకి వచ్చి నిలబడింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. గొంతు పెంచదు, కానీ చెప్పదలుచుకున్నది చెప్పకుండా ఇంటికి పోదు.

"నాన్న లిఫ్టు తలుపు డెబ్బై రెండు అన్నాడు కదా అమ్మాయ్."

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది వదినా."

"నీకు జరగచ్చు, నాకు జరగచ్చు. నలభై ఏళ్లు టేపు పట్టిన చేతికి జరగదు. జరిగిందంటే అది పొరపాటు కాదు." ఆవిడ తలుపు కాస్త దగ్గరికి వేసింది. "మొన్న కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికాడు. సరే, అది అందరూ చేస్తారు. పోయిన నెల మా ఇంటికని బయల్దేరి, బస్టాపులో గంట కూర్చుని తిరిగొచ్చాడు. ఎందుకంటే ఎండగా ఉందన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది."

కోడలు సీసా కడగడం ఆపలేదు. కడిగిందే మళ్లీ కడిగింది.

"నేను నాన్న మీద చెడ్డ చెప్పట్లేదు," అంది ఆడపడుచు. "ఆయన నా తండ్రి. కానీ నాలుగింటి నుంచి ఆరున్నర దాకా ఇంట్లో ఇంకెవరూ ఉండరు. పిల్లని ఆ చేతిలో పెట్టి నువ్వక్కడ అద్దాలు కోస్తూ కూర్చోగలవా? ఈ ఏడాదికి మానెయ్. వచ్చే ఏడాది చూద్దాం."

మానెయ్ అన్న మాట ఎంత తేలిగ్గా వస్తుందో, ఉద్యోగం మానేసిన వాళ్లని అడగండి చెప్తారు. కోడలికి కోపం వచ్చింది. కోపం కంటే ముందు భయం వచ్చింది. ఎందుకంటే ఆ మబ్బు పట్టిన రోజు సంగతి ఆమెకూ తెలుసు. ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకుంది.

ఆడపడుచు సంచిలోంచి చీటీ తీసి ఒక డాక్టరు ఫోన్ నంబరూ, మంగళవారం సాయంత్రం 7 అనీ రాసి ఉప్పు డబ్బా కింద పెట్టింది. ఆ ఏడుకి నడుం మీద అడ్డగీత ఉంది. ఒకటికీ ఏడుకీ తేడా తెలియాలని బడిలో పిల్లలకి నేర్పే గీత అది. పాలవాడి లెక్క రాసినా ఆవిడ చెయ్యి ఆ గీత పెట్టకుండా ఊరుకోదు.

"జ్ఞాపకశక్తి డాక్టరు. ఊరికే చూపిద్దాం," అంది.

పిచ్చుకని ఆవిడ చేతికిచ్చి కోడలు గదిలోకి వెళ్లింది. కుట్టుపెట్టెలోంచి బట్టలు కొలిచే టేపు తీసింది. చెప్పులు వేసుకుని వరండాలోకి నడిచింది. లిఫ్టు తలుపుకి ఒక చెప్పు అడ్డం పెట్టి, ఒంటికాలి చెప్పుతో లోపలికి వెళ్లి కొలిచింది.

తలుపు వెడల్పు అరవై రెండు. లోపలి లోతు ఎనభై ఐదు.

కిందికి వెళ్లి బయటి గుమ్మం మెట్టు కూడా కొలిచి, మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుంది. పదిహేడు.

మామగారు చెబుతుంటే ఆ రోజు తను రాసుకున్న కాగితం జేబులోనే ఉంది. తీసి చూసింది. డెబ్బై రెండు, తొంభై ఐదు, ఇరవై ఏడు. మెట్టు ఇరవై ఏడు ఉందని నమ్మే కదా, అంత ఎత్తు ఎక్కాలంటే పెద్ద చక్రాలే ఉండాలని ఆ భారీ బండి కొన్నది. రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగే మెట్టు. అర మిల్లీమీటరు తేడా వస్తే అద్దం పారేసే మనిషి, తన కాలి కింది మెట్టు ఎత్తు ఇంకొకరు చెబితే రాసుకుంది. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది. రెండు కాగితాలూ మోకాళ్ల మీద పెట్టుకుని చూసింది.

అద్దాల పనిలో చేరిన కొత్తలో ఆమెకి పని నేర్పిన పెద్దావిడ ఒక మాట అనేది. మనిషి చేసే తప్పు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. మూడుసార్లూ ఒకే తప్పు వచ్చిందంటే మనిషిని తిట్టకు, పనిముట్టుని చూడు. ఇక్కడ తేడా పది, పది, పది. మతి తప్పిన మనిషి ఇంత క్రమశిక్షణగా తప్పుతాడా?

ఆమె లేచి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది.

మామగారు వెనక గదిలో ఉన్నారు. ఒకప్పుడు అది ఆయన పనిగది. ఇప్పుడు గోడకి రంపాలూ, అటక మీద చిత్రికలూ, మధ్యలో పాత పనిబల్లా మిగిలాయి. ఆయన అప్పుడే బిగించిన చక్రాలు మళ్లీ విప్పి, ఒక్కోటీ కాగితంలో చుట్టి పెట్టెలో సర్దుతున్నారు. ఒక్క మర కూడా పోకుండా మూతలో పోసి పెట్టారు.

"తిరిగిచ్చేద్దాం తల్లీ," అన్నారు తలెత్తకుండా. "చక్రం రోడ్డు తాకకపోతే మారుస్తామని రాసిచ్చారుగా. మన వరండా దాటలేదు." ఇంకో చక్రం చుడుతూ అన్నారు, "సోమవారం సంగతి కూడా ఆలోచించుకో. మీ వదిన చెప్పిన దాంట్లో అర్థం లేకపోలేదు."

తలుపు దగ్గరికి వేసినంత మాత్రాన వంటింటి మాట ఈ ఇంట్లో ఎక్కడికీ పోకుండా ఉండదు.

కోడలు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. మామగారిని నిలదీసి అడగడం ఆమెకి అలవాటు లేదు. పెళ్లయిన నాలుగేళ్లలో ఆయనతో ఎదురు మాట్లాడింది ఒక్కసారే. తనకి వడ్డించకుండా ఆమెని ముందు తినమన్నప్పుడు.

"మామయ్యా, ఈ బల్ల పొడుగెంతో ఒకసారి కొలుస్తారా?"

"ఎందుకు?"

"కొలవండి. నేను రాసుకుంటాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. పరీక్ష పెడుతోందని అర్థమైంది. అయినా గూట్లోంచి టేపు తీశారు. ఎడమచేత్తో ఒక కొస పట్టుకుని, కుడిచేత్తో చర్రున లాగి, రెండో అంచు దగ్గర వంగి చూశారు.

"నూట ముప్ఫై."

కోడలు కాగితం మీద రాయలేదు. ఆమె కళ్లు ఆయన ఎడమ చేతి మీద ఉన్నాయి. బల్ల అంచు దగ్గర టేపు మొదలు లేదు. మొదలు బల్ల దాటి గాల్లో వేలాడుతోంది. అంచు మీద ఉన్నది ఆయన బొటనవేలు.

"మీ బొటనవేలు ఎక్కడుంది మామయ్యా?"

"పది మీద. ఇంకెక్కడుంటుంది?"

అన్నాక ఆయనే ఆగిపోయారు. చేతిలో టేపు గిర్రున వెనక్కి చుట్టుకుపోయింది. ఆయన పనిబల్ల మీద మెల్లగా కూర్చున్నారు.

"అయ్యో," అన్నారు. మళ్లీ, "అయ్యో తల్లీ," అన్నారు.

విషయం ఇది. టేపు కొసన ఒక కొక్కెం ఉంటుంది. నాలుగు పనులు చేసేసరికి అది వదులవుతుంది, వంగుతుంది, నూలు వాసి తేడా చూపిస్తుంది. అందుకని ఆయన గురువు కొక్కేన్ని నమ్మొద్దని చెప్పాడు. పది గీత దగ్గర పట్టుకో, వచ్చిన అంకె పైకి చెప్పు, పది తీసెయ్. కానీ చూసేవాడే తీసివేత చెయ్యకూడదు. కన్ను గీత మీద ఉన్నప్పుడు బుర్ర లెక్కలో ఉంటే రెండూ చెడతాయి. చూసేవాడు చూడాలి, రాసేవాడు తియ్యాలి. నలభై ఏళ్లూ ఈ ఇంట్లో రాసింది అత్తగారు. ఆయన డెబ్బై రెండు అంటే ఆవిడ అరవై రెండు రాసేది. ఆ కాగితం చూసి ఆయన చెక్క కోసేవారు. ఒక్క తలుపు బిగుసుకోలేదు, ఒక్క సొరుగు వదులవలేదు. రెండేళ్ల కిందట ఆవిడ పోయింది. ఆయన టేపు గూట్లో పెట్టేశారు. మళ్లీ చేత్తో పట్టుకున్నది ఈ లిఫ్టు కోసమే.

"నువ్వు కాగితం, పెన్ను పట్టుకుని పక్కన నిలబడ్డావు," అన్నారు మామగారు. "నేను అంకె చెప్పాను. రాసేది ఆమె కాదన్న సంగతి నా నోటికి తెలియలేదు."

కోడలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిటికీ కలిపి ముక్కు చీదుకుంది.

కానీ ఆమె తల్లి. సగం సమాధానంతో లేచి పోలేదు. "ఇంకోటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు బస్టాపులో..."

"ఎండ లేదు," అన్నారాయన వెంటనే. "అక్కడ రెండు నిమిషాలకో బస్సు. ఎక్కితే ఎప్పుడూ కూర్చునే సీటులో కూర్చోవాలి, పక్కన ఖాళీ. కాళ్లు లేవలేదు. కూతురికి ఈ మాట ఎలా చెప్పను? ఎండ అన్నాను. మబ్బు సంగతి చూసుకోలేదు."

ఆ తర్వాత ఇద్దరూ ఆ విషయం ఎత్తలేదు. కలిసి పెట్టె మూత వేశారు, తాడు కట్టారు. ముడి మామగారు వేశారు, వేలు పెట్టింది కోడలు.

పిచ్చుకని ఆడపడుచు దగ్గర ఉంచి ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. పసిపిల్లల సామాను అమ్మే ఆ దుకాణం ఆవిడ పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. పోయినసారి ఆవిడ సెలవులో ఉంది, ఇంకెవరో అమ్మారు. పెట్టె విప్పి చక్రాలు తిప్పి చూసి, మట్టి లేదని తృప్తిపడి, చేతులు కట్టుకుంది.

"మీకిది ఎవరు అంటగట్టారు?"

"నేనే అడిగి కొనుక్కున్నానండీ," అంది కోడలు.

"ఏం అడిగారు?"

"మంచిది కావాలని."

"అదీ సంగతి. మంచి బండి అని ఒకటుండదమ్మా. మీ ఇంటికి మంచి బండి అని ఉంటుంది." ఆవిడ బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చింది. "పాప వయసు తర్వాత అడుగుతాను. తోసేదెవరు?"

"పొద్దున నేను, సాయంత్రం మామయ్య."

ఆవిడ ఇద్దరినీ కిందికీ పైకీ చూసింది. కోడలు మామగారి భుజం దాకా వస్తుంది. "అయితే పిడి ఎత్తు మారేది ఉండాలి. లేకపోతే ఈయన నెలకల్లా నడుం పట్టుకుంటారు. దారెలా ఉంటుంది?"

"సగం బాగుంటుంది. సగం రాళ్లు లేచిపోయి ఉంటాయి."

"రాత్రి ఎక్కడ పెడతారు?"

ఈ ప్రశ్న కోడలు ఎప్పుడూ వేసుకోలేదు. నెల రోజులు రంగు చూసింది, గుడ్డ చూసింది, కప్పులు పెట్టుకునే గూడు చూసింది. బండి ఎక్కడ నిద్రపోతుందో చూడలేదు.

"చెప్పుల గూడు పక్కన," అన్నారు మామగారు. "మడిస్తేనే పడుతుంది."

"పాప చంకలో ఉండగా మడవాలి కదా? అయితే ఒంటిచేత్తో మడవగలగాలి." దుకాణం ఆవిడ మూల నుంచి ఒక గుడ్డబొమ్మని తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. లోపల ఇసుక పోసిన బొమ్మ, ఏడు కిలోలు. తల కూడా పిల్లల తలలాగే పక్కకి వాలుతుంది. "ఎత్తుకోండి. ఇప్పుడు చూద్దాం మీ సంగతి."

అరగంట పాటు ఆ దుకాణంలో కోడలు పడ్డ పాట్లు చూడాలి. మొదటి బండి తేలిక, కానీ గుప్పెడంత చక్రాలు. ప్రయత్నించి చూడమని దుకాణం ఆవిడ పరిచి ఉంచిన గులకరాళ్ల పలక మీద బొమ్మ పళ్లు రాలేలా ఊగింది. రెండోది మడవాలంటే ఒక మీట కాలితో తొక్కి, ఇంకోటి చేత్తో లాగి, మూడోది నోటితో పట్టుకోవాల్సిందే. మూడోది చూడముచ్చటగా ఉంది గానీ సీటు పూర్తిగా వాలదు. ఐదు నెలల పిల్లకి మెడ నిలిచినా నడుం నిలవదు, వెల్లకిలా పడుకోవాలి. అది దుకాణం ఆవిడే వద్దని పక్కకి నెట్టింది. అమ్ముకునే మనిషి వద్దంటే ఆ మాటకి విలువెక్కువ.

నాలుగోదానికి మూడు చక్రాలు, మరీ పెద్దవి కావు, మరీ చిన్నవి కావు. పలక మీద బొమ్మ తల కొంచెమే కదిలింది. సీటు పడుకోబెట్టినట్టు వాలింది. భుజాలకి రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య ఒకటి, ఐదు పట్టీలు కలిసి ఒక్కచోట టక్కున పడ్డాయి. బ్రేకు బొటనవేలితో తొక్కితే పడింది. ఇసుకబొమ్మని ఎడమ చంకలో వేసుకుని కోడలు కుడిచేత్తో పిడి మధ్యలో ఉన్న పట్టీ లాగింది. బండి మర్యాదగా వంగి రెండుగా మడుచుకుంది.

"కొలవండి మామయ్యా," అంది.

ఆయన జేబులోంచి టేపు తీశారు. ఒక్క క్షణం తటపటాయించారు. కొక్కెం పట్టుకోవాలా, గీత పట్టుకోవాలా అని చేతికే అనుమానం వచ్చింది.

"మీరు ఎప్పటిలాగే పట్టుకోండి," అంది కోడలు, పెన్ను మూత తీస్తూ.

ఆయన బొటనవేలు పది మీదికి వెళ్లింది. వెనక చక్రాల దగ్గర వంగి చూశారు.

"అరవై ఆరు."

కోడలు యాభై ఆరు రాసింది.

"పొడుగు తొంభై."

ఎనభై రాసింది.

దుకాణం ఆవిడ కాగితం వంక, మామగారి వంక మార్చి మార్చి చూసింది. "ఆయన చెప్పేదొకటి, మీరు రాసేదొకటి."

"మా ఇంట్లో అంతేనండీ," అంది కోడలు. మామగారు వంగిన నడుం వెంటనే ఎత్తలేదు. బ్రేకు సరిగా ఉందో లేదో చూస్తున్నట్టు చాలాసేపు అక్కడే ఉన్నారు.

మధ్యాహ్నం రెండింటికి కొత్త బండి మూడో అంతస్తు వరండాలో నిలబడింది. పిచ్చుక అందులో పడుకుని తన కాళ్లని తనే కొత్తగా చూసుకుంటోంది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. కోడలు తోసింది. అటు మూడు సెంటీమీటర్లు, ఇటు మూడు సెంటీమీటర్లు వదిలి బండి లోపలికి వెళ్లింది. ఆమె పక్కకి సర్దుకుంది, వెనక తలుపు మూసుకుంది. కింద మెట్టు దిగింది, ఎక్కింది. మామగారు ఒకసారి తోశారు, కోడలు ఒకసారి తోసింది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేసరికి పిచ్చుక నిద్రపోయింది. పసిపిల్లలు బండికిచ్చే ధ్రువపత్రం అదే.

పైకొచ్చాక కోడలు ఆడపడుచుకి పది సంగతి మొత్తం చెప్పింది. మూడు తేడాలూ, బొటనవేలూ, బస్టాపులో ఖాళీ సీటూ. ఆవిడ ఎదురు చెప్పకుండా విన్నది. బస్సు మాట దగ్గర ముఖం తిప్పుకుంది.

"నాకు చెప్పచ్చుగా నాన్నా," అంది.

"చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను చూడలేను."

ఆవిడ ఉప్పు డబ్బా కింది చీటీ తీసి చేతిలో పట్టుకుంది. చింపలేదు. "సరే, కొలత సంగతి అర్థమైంది," అంది మెల్లగా. "అయినా ఒకసారి చూపించుకుంటే నష్టమేముంది?"

ఇంకా అనుమానమేనా అని కోడలు అడగబోయింది. ఈలోపు మామగారే లేచారు. "నమ్మకపోతే అమ్మ పుస్తకాలు చూడు. ఒక్క అంకె తప్పుంటే మంగళవారం నేనే నడుచుకుంటూ వస్తాను." వెనక గది అటక మీంచి గుడ్డలో చుట్టిన నోటుపుస్తకాల కట్ట దించారు. రెండేళ్లుగా ఎవరూ విప్పని ముడి అది. నిద్రలేచి గునుస్తున్న పిచ్చుకని భుజాన వేసుకుని, ఒంటిచేత్తోనే ముడి విప్పారు. బీరువాలు, కిటికీలు, బడి బల్లలు, పేజీ పేజీకీ అత్తగారి గుండ్రటి చేతిరాత. కోడలు ఆఖరి పుస్తకం తీసుకుని వెనక నుంచి తిప్పింది.

ఆఖరి పేజీలో మూడే వరసలున్నాయి.

లిఫ్టు తలుపు 62. లోతు 85. కింది మెట్టు 17.

కోడలు జేబులోంచి పొద్దుటి కాగితం తీసి పక్కన పెట్టింది. అవే అంకెలు. వాటి కింద ఒక చిన్న బొమ్మ గీసి ఉంది. రెండు పెద్ద చక్రాలు, రెండు చిన్నవి, మధ్యలో కుర్చీ.

"ఇది మీరెప్పుడు కొలిచారు మామయ్యా?"

ఆయన పిల్లని భుజం మార్చుకుని వంగి చూశారు.

"ఈ కొలత నేను చెప్పలేదు," అన్నారు. "ఆమెకి చక్రాల కుర్చీ అవసరం పడుతుందని డాక్టరు చెప్పిన రోజు నాకు గుర్తుంది. ఆ తర్వాత ఎంతో కాలం లేదు, కుర్చీ ఇంటికి రానే లేదు." ఆయన వేలు పేజీ పైనున్న తేదీ మీదికి వెళ్లింది. "ఇది దానికి ఏడాది ముందు తేదీ."

పిచ్చుక ఆయన చొక్కా బొత్తాం పట్టుకుని లాగుతోంది.

మామగారి వేలు తేదీ మీంచి కిందికి జరిగి పదిహేడు దగ్గర ఆగింది. అది గుండ్రటి చేతిరాత కాదు. ఆ ఏడుకి నడుం మీద అడ్డగీత ఉంది.

ఆయన కూతురి వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. "అమ్మ టేపు పట్టుకుంటే రాసింది నువ్వా?"

ఆడపడుచు చేతిలో చీటీ నలిగిపోయింది. తండ్రి ముఖం వంక చూడలేదు. ఆయన భుజం మీద ఆడుకుంటున్న పిల్ల వంకే చూస్తూ అంది.

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది నాన్నా. తన జబ్బు సంగతి ఒక్కటే కాదు, ఇంకో సంగతి కూడా." ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపింది. "ముందు పిల్లని నాకియ్యి. అది నీ గురించి, నీ మరుపు గురించి."